ఖాళీగా వెళ్ళిన డబ్బా

మా పై వాటాలో కొత్తగా దిగిన అమ్మాయికి మొన్న అరడజను చిన్నరసాలు స్టీలు డబ్బాలో పెట్టి పంపించాను. నిన్న సాయంత్రం ఆ పిల్ల డబ్బాను తళతళా తోమి తెచ్చింది. "థాంక్స్ అంకుల్, సూపర్‌గా ఉన్నాయి" అని నా చేతిలో పెట్టి, చెప్పులు టకటకలాడించుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయింది. మూత తీసి చూశాను. ఖాళీ.

పిల్లదాన్ని తప్పు పట్టడం లేదు. ఇప్పుడు డబ్బా తోమి ఇవ్వడమే మర్యాద. మా రోజుల్లో మాత్రం ఇంకొకరి గిన్నె ఖాళీగా తిప్పి పంపితే, ఇక మీకూ మాకూ రాకపోకలు లేవని చెప్పినట్టే. ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు పంచదార వేసేవాళ్ళు, అదీ లేకపోతే ఒక పసుపుకొమ్ము. అడుగున ఏదో ఒకటి ఉండి తీరాలి.

ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుండిపోయాను. మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి, "ఖాళీ డబ్బాలో ఏం కనపడుతోంది మీకు?" అంది. ఏం కనపడుతోందో చెప్పాలంటే మా నలభై ఎకరాల మామిడి తోటతో మొదలుపెట్టాలి.

నూజివీడు నుంచి ముసునూరు పోయే రోడ్డు పక్కన ఉండేది ఆ తోట. చెట్టుకు ఐదువేల కాయలు. ఒక్క బంగినపల్లి కాయ కోస్తే ఇంటిల్లిపాదీ తిని, మిగిలింది పక్కింటికి పంపేవాళ్ళం. మా తోట పండు తినడానికి ఢిల్లీ నుంచి పెద్ద పెద్ద వాళ్ళు విమానాల్లో…

ఆగండి. నేను చిన్నప్పటినుంచీ ఇంతే. మా నాయనమ్మ అనేది, "ఈ తోటలో రెండు కోతలమ్మా. మామిడి కోత వేసవిలోనే. మావాడి కోతలు ఏడాది పొడుగునా" అని. నలభై ఎకరాలన్న మాట నిజమే. తోట మాది కాదు. మేం అందులో కూలీవాళ్ళం. తోట మూల తాటాకు కప్పిన ఒంటిగది ఇంట్లో ఉండేవాళ్ళం. ఢిల్లీ నుంచి ఎవరూ రాలేదు. బెజవాడ నుంచి లారీలు వచ్చేవి.

మేం ముగ్గురం. నాయనమ్మ, అమ్మ, నేను. నాకు మూడేళ్ళప్పుడు నాన్న జ్వరం వచ్చి పోయాడట. ముఖం కూడా గుర్తులేదు. కొడుకు పోయాక కోడలు పుట్టింటికి వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారట. అమ్మ వెళ్ళలేదు, నాయనమ్మ పొమ్మనలేదు. అత్తాకోడళ్ళిద్దరూ రోజుకు నాలుగుసార్లు పోట్లాడుకునేవాళ్ళు, పొద్దుగూకే వేళకు ఒకే కంచంలో తినేవాళ్ళు.

వేసవి వచ్చిందంటే మా ఒంటి వాసనే మారిపోయేది. తొడిమ విరిస్తే చిమ్మే సొన ఘాటు ఒకటి. వరిగడ్డిలో మాగుతున్న పండ్ల వెచ్చటి వాసన ఒకటి. చెట్ల కింద రాలి పులిసిన పండ్ల మత్తు వాసన మరొకటి. మగవాళ్ళు పొడుగాటి గెడకు వలసంచి కట్టి కాయ దింపేవాళ్ళు. ఆడవాళ్ళు ఏరి, గడ్డి పరిచిన బుట్టల్లో సర్దేవాళ్ళు. సొన పడి అమ్మ వేళ్ళ సందుల్లో నల్లటి మచ్చలుండేవి. దొంగతనంగా పచ్చికాయలు కొరికి నా మూతి చుట్టూ పుళ్ళుండేవి. నేను కొరకలేదని చెప్పేవాణ్ణి, ఆ మూతితోనే.

అమ్మకు ఇంకో పని కూడా ఉండేది. తాండ్ర వేయడం. లారీ ఎక్కలేనంత మెత్తబడిన రసాలను తోట ఆసామి అమ్మకు వదిలేసేవాడు. పిండిన రసంలో బెల్లం కలిపి, తాటాకు చాప మీద పల్చగా పోసి ఎండబెట్టాలి. అది ఎండాక దాని మీద ఇంకో పొర. రోజుకు ఒక్కటే పొర. ఇరవై రోజులు ఎండ కాస్తేగాని వేలెడు మందం రాదు. ఈలోగా చీమలు, తేనెటీగలు, మబ్బులు, కోతులు. కోతుల్ని తోలడం నా ఉద్యోగం. చాపల పక్కనున్న చెట్టెక్కి ఉండేలు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒక్క రాయితో ఏడు కోతుల్ని పడగొట్టాను. సరే, ఒక్కదాన్ని కూడా కొట్టలేదు. అవే నా మీద పిందెలు విసిరేవి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అమ్మ రసాన్ని ఎప్పుడూ చాప నడిమిన పోసి, అరచేత్తో అంచులకు తోసేది. అందువల్ల అంచుల్లో తాండ్ర పల్చగా, తోలులా సాగేది. నడిమిన మందంగా, మెత్తగా, తేనెరంగులో ఉండేది. తాండ్ర కోసిన రోజున ఆ నడిమి ముక్క ఇంటి మగవాడిది. నాన్న ఉన్నప్పుడు నాన్న తినేవాడట. ఆయన పోయాక అది నాకు వచ్చింది. నాన్న నుంచి నాకు వచ్చిన ఆస్తి అదొక్కటే.

నాకు పదకొండేళ్ళప్పుడు తోటకు కొత్త కాపలామనిషి వచ్చాడు. మంచుకొండల్లో జరిగిన యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు. మైలవరం వైపు మనిషి. ముందూ వెనకా ఎవరూ లేరు. వెంట ఒక నల్ల ట్రంకుపెట్టె, మోకాళ్ళు దాటే ఊలు కోటు, మడతపిడి ఉన్న ఒక సత్తు డబ్బా తెచ్చుకున్నాడు. మిలిటరీలో అన్నం తినేది ఆ డబ్బాలోనేనట. కుడికాలు కొంచెం ఈడుస్తూ నడిచేవాడు. తోటలో అందరూ ఆయన్ని మిలిటరీ అనేవాళ్ళు. నేను మిలిటరీ మావయ్య అనేవాణ్ణి.

ఇక బళ్ళో నా కోతలకు అడ్డేముంది? ఒంటిచేత్తో పదిమందిని పొడిచాడన్నాను. కాలిలో తూటా ఇంకా ఉందనీ, చెవి ఆనించి వింటే అది దొర్లే చప్పుడు వినిపిస్తుందనీ చెప్పాను. ఒక మధ్యాహ్నం ఆయన పాక ముందు కునుకు తీస్తుంటే నలుగురు పిల్లలు వచ్చి నిజంగానే కాలికి చెవులు ఆనించారు. ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"ఏంట్రా ఇది?"

"తూటా చప్పుడు వింటున్నామండీ."

సంగతంతా తెలిశాక పొట్ట పట్టుకుని నవ్వాడు. "తూటా లేదు, ఏమీ లేదు. నేను తుపాకీ పేల్చిందే లేదురా. కంచరగాడిదల మీద బియ్యం బస్తాలు కొండెక్కించేవాణ్ణి. మంచులో రెండు కాలివేళ్ళు నల్లబడితే కోసేశారు. అంతే." పిల్లలు ముఖాలు వేలాడేసుకుని పోయారు. నేను తల దించుకుని నిలబడ్డాను. ఆయన నా భుజం తట్టి, "జవాన్, నీ మాటల్లో నేను చాలా బాగున్నాను. ఇంకాసేపు ఉండనివ్వాల్సింది" అన్నాడు.

ఆ మనిషి దగ్గర వింతంతా ఒక్క మాటలో ఉండేది. వచ్చిన మర్నాడు అమ్మ నిండు బుట్ట ఎత్తుకోబోతుంటే పరుగున వచ్చి, "ఉండండి, నేనో చెయ్యి వేస్తాను. బరువెక్కువుందండీ" అన్నాడు.

తోట మొత్తం ఆగిపోయింది. ఆసామి మా ఆడవాళ్ళను 'ఏమే' అనేవాడు. మేస్త్రీ 'ఒసే' అనేవాడు. బాగా మంచివాళ్ళయితే 'అమ్మాయ్' అనేవాళ్ళు. కూలిమనిషిని 'అండీ' అన్న మగవాణ్ణి ఎవరూ చూసి ఎరగరు. అమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అంటున్నాడనుకుని.

ఇక చూడండి ఆడవాళ్ళ సరదా.

"ఏవండీ అండీగారూ, గంజి తాగుతారాండీ?"

"మెల్లగా పట్టుకోండే, అండీగారి చేతికి సొన అంటుద్ది!"

"మా ఆయన నన్ను అండీ అన్ననాడు నేను తిరపతి నడిచెళ్తానమ్మా!"

"నోర్ముయ్యండే" అని అమ్మ కసిరేది. చెవులు మాత్రం ఎర్రబడేవి. నాయనమ్మ తమలపాకు నములుతూ అంతా విని, "నా కొడుకు కూడా దాన్ని ఒసే అనే పిలిచాడు. ఒకడు అండీ అంటే మీ సొమ్మేం పోయిందే?" అంది. దాంతో తోటంతా చల్లబడింది.

మిలిటరీ మావయ్య చెట్ల కింద రాలిన పండ్లలో మంచివి ఏరి తన డబ్బాలో పెట్టి నా చేతికిచ్చేవాడు. "పిల్లాడికి అని చెప్పు" అనేవాడు. పిల్లాణ్ణి నేనే. నాకు నేనే మోసుకెళ్ళేవాణ్ణి. అమ్మ ఆ డబ్బా ఖాళీగా పంపేది కాదు. ఒకరోజు ఉలవచారు, ఒకరోజు గోంగూర పచ్చడి, ఒకరోజు ఏమీ లేక ఒక బెల్లంముక్క. మొదటిసారి ఉలవచారు తీసుకెళ్ళినప్పుడు ఆయన మూత తీసి, తినకుండా కాసేపు దాన్నే చూశాడు. "ఎనిమిదేళ్ళు ఈ డబ్బా నేనే కడుక్కున్నాను జవాన్. ఒకరు నింపి పంపడం ఇదే" అన్నాడు. ఆ మాట అమ్మకు చెప్పాను. నేను కల్పించకుండా చెప్పిన మాటల్లో అదొకటి. మర్నాడు అమ్మ ఉలవచారులో వెన్న కూడా వేసింది.

వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేను పెద్దగా చూడలేదు. చూసిందల్లా ఒక్కరోజు. నట్టెండలో ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. పదహారు పొరలు పడిన తాండ్ర ఆరుబయట ఉంది. అమ్మ గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది. అమ్మకంటే ముందు, ఆ ఈడ్చుకాలుతోనే మిలిటరీ మావయ్య వచ్చి, తన ఊలు కోటు చాపల మీద పరిచేశాడు. చాలని చోట తనే వంగి వీపు అడ్డుపెట్టాడు. వాన వెలిసేదాకా అట్లాగే వంగి ఉన్నాడు. తాండ్ర బతికింది. కోటుకు బెల్లం రసం అంటి, సాయంత్రానికి దాన్నిండా చీమలు.

"చైనావాళ్ళ వల్ల కాలేదు గాని, మీ చీమలు నా కోటు పట్టుకుపోతున్నాయండీ" అన్నాడు ఆయన, కోటు దులుపుకుంటూ.

అమ్మ నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నాను, ఆ నవ్వు నాకు తెలియదు. నేనెన్ని కోతలు కోసినా రాని నవ్వు. చెట్టు మీద కూర్చుని ఉండేలుతో గురి లేకుండా ఒక రాయి వదిలాను. అది ఎటు పోయిందో గుర్తులేదు.

బళ్ళో పిల్లలకు కూడా సంగతి పాకింది. "అండీగారి కొడకా, మీ కొత్త నాన్న కంచరగాడిద తెచ్చాడా నీకు?" అనేవాళ్ళు. నేను పోగేసిన పదిమంది శత్రువులు, కాలిలో తూటా, అన్నీ పోయి గాడిద మిగిలింది.

తొలకరి దగ్గర పడింది. కాయ అయిపోవచ్చింది. ఒక మధ్యాహ్నం నేను చెట్టు మీద కాపలా ఉన్నాను. అమ్మ బావి దగ్గర ఉంది. కింద నాయనమ్మ ఒక్కతే చాపల దగ్గర కూర్చుంది. మిలిటరీ మావయ్య వచ్చి ఆమెకు నాలుగు బారల దూరంలో నేల మీద కూర్చున్నాడు. నేనున్న సంగతి ఆయనకు తెలియదు. నాయనమ్మ మరిచిపోయి ఉంటుంది.

"పెద్దమ్మా, కృష్ణ మీద కడుతున్న ఆనకట్ట దగ్గర వాచ్‌మన్ పని వచ్చింది. క్వార్టరు కూడా ఇస్తారంట. ఎల్లుండి పొద్దున బస్సుకు వెళ్ళాలి."

"మంచిదే నాయనా."

"ఒక్కణ్ణే వెళ్ళాలని లేదు." కాసేపు మట్టిలో పుల్లతో గీశాడు. "మీకు అభ్యంతరం లేకపోతేనే. మీరూ, పిల్లాడూ, అందరూ రావాలి. మిమ్మల్ని ఇక్కడొదిలేసి ఆమె రాదని నాకు తెలుసు."

నాయనమ్మ తమలపాకు ఉమ్మి, నోరు తుడుచుకుంది. "నా కొడుకు పోయి ఎనిమిదేళ్ళు. దాని వయసేం పోయింది? నేనే చెబుదామనుకుంటున్నాను దానికి. నువ్వే అడగరాదూ?"

"ఆమెను నోటితో అడగను పెద్దమ్మా. కాదనాలనుకుంటే నా ముఖం మీద అనలేక బాధపడుతుంది. తోటలో ఇప్పటికే ఆమెను ఆడిపోసుకుంటున్నారు. రేపు డబ్బాలో పండ్లు పంపుతాను. మీరు సంగతి చెప్పండి. ఇష్టమైతే డబ్బాలో ఏదో ఒకటి వేసి పంపమనండి, బెల్లంముక్కయినా సరే. పొద్దుగూకేలోపు చీర తీసుకొచ్చి, నలుగుర్ని కూర్చోబెట్టి మాట్లాడతాను. ఖాళీగా పంపితే నాకు అర్థమవుతుంది. నా బస్సు నేనెక్కుతాను. ఎవరికీ ఏ మాటా రాదు."

మా వాళ్ళలో మారుమనువుకు పెద్ద తంతు లేదు. మగవాడు చీర తెస్తాడు, ఆడమనిషి కట్టుకుని బయటికి వస్తుంది, చుట్టుపక్కలవాళ్ళకు అన్నం పెడతారు. అంతే. నేను కొమ్మను పట్టుకుని ఊపిరి బిగబట్టాను. ఒక చీమ మెడ మీద కుడుతున్నా కదల్లేదు.

మర్నాడు డబ్బాలో ఆరు పండ్లు వచ్చాయి. నాయనమ్మ అమ్మను పక్కకు పిలిచి ఏదో చెప్పింది. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి ఊరికే నిలబడింది. పొయ్యిలో నిప్పు లేదు. తర్వాత వెళ్ళి ముఖం కడుక్కుంది. ఆ రోజే తాండ్ర కోసే రోజు. అమ్మ చాప ముందు కూర్చుని, కత్తి తడిపి, నడిమిన నలుచదరంగా గాటు పెట్టింది. నేను అలవాటుగా వెళ్ళి చెయ్యి చాపాను.

"ఉండరా. నీకు అంచు ముక్క ఇస్తాలే" అంది అమ్మ, నా వైపు చూడకుండా. ఆ నడిమి ముక్క తీసి, డబ్బాలో పెట్టి, మూత వేసింది. మూత మీద ఒక క్షణం అరచెయ్యి ఆనించి ఉంచింది. "వెళ్ళి ఇచ్చిరా. దారిలో ఆటలాడకు" అంది.

"ఏమని చెప్పనమ్మా?"

"ఏమీ చెప్పొద్దు. ఇచ్చిరా చాలు."

ఇక్కడ కోతి వస్తుంది. మా ఆవిడకు పెళ్ళయిన కొత్తలో ఈ కథ చెప్పినప్పుడు కోతి వచ్చింది. మా పిల్లలకు చెప్పేనాటికి అది కొండముచ్చు అయింది. నా మీదికి దూకి, డబ్బా లాక్కుని, తాండ్ర తీసుకుని చెట్టెక్కిందనీ, నేను పెనుగులాడితే చెయ్యి గీరిందనీ చెప్పి, మోచేతి మీద మచ్చ చూపించేవాణ్ణి. ఆ మచ్చ సైకిలు మీంచి పడ్డది.

కోతి రాలేదు. కోతుల్ని తోలుతూ ఆ తాండ్రకు కాపలా ఉన్నది నేనే. నా నుంచి కాపాడేవాళ్ళు లేకపోయారు.

ఆకలేసి తిన్నానని ఒకటి రెండుసార్లు స్నేహితుల దగ్గర ఒప్పుకున్నాను. అదీ నిజం కాదు. అంతకుముందే రెండు పండ్లూ, చద్దన్నమూ తిని ఉన్నాను. పిల్లవాణ్ణి, డబ్బా భాష నాకేం తెలుసని కూడా అనేవాణ్ణి. తెలుసు. అంతా విన్నాను. ఖాళీగా వెళితే ఏమవుతుందో ఆ తోటలో నలుగురికి తెలుసు. ఆ నలుగురిలో నేనొకణ్ణి.

తోట నడిమి కాలిబాటలో ఒక పెద్దరసం చెట్టు మొదట్లో కూర్చుని మూత తీశాను. అది నాది. నాన్నది, తర్వాత నాది. ముక్క పెద్దది. నోట్లో పట్టలేదు. రెండు చేతులతో చింపి, కుక్కుకుని, కన్నీళ్ళు వస్తున్నా నమిలాను. రుచేమీ తెలియలేదు. డబ్బాకు అంటిన జిగురు కూడా నాకేశాను. మూత పెట్టి, చొక్కాతో తుడిచి, తీసుకెళ్ళాను.

మిలిటరీ మావయ్య గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని పాక ముందు నిలబడి ఉన్నాడు. లోపల ట్రంకుపెట్టె మీద కాగితం పొట్లం ఒకటి ఉంది, పురికొసతో కట్టి. కాగితం ఒక మూల చిరిగి, చిలకపచ్చ రంగు అంచు కనిపిస్తోంది.

డబ్బా అందుకోగానే ఆయనకు తెలిసిపోయింది. బరువు లేదుగా. అయినా మూత తీశాడు. లోపల చూశాడు. చూపుడువేలితో అడుగంతా ఒకసారి తడిమాడు, కంటికి కనపడనిదేమైనా ఉందేమోనని.

"అమ్మ ఏమైనా చెప్పిందా జవాన్?"

"ఏమీ చెప్పలేదు."

అది నిజం. అమ్మ చెప్పొద్దనే చెప్పింది. అన్నేళ్ళూ ఊరికే కోసిన కోతల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క పిసరు కల్పించకుండా చెప్పిన ఆ రెండు మాటలే మూడు జీవితాలకు సరిపోయాయి.

ఆయన తల ఊపాడు. "ఠీక్ హై" అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టబోయి, ఎందుకో వెనక్కి తీసుకుని, నిటారుగా నిలబడి నాకు సెల్యూట్ కొట్టాడు. నేను తిరిగి కొట్టలేదు. పరుగెత్తాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ తల దువ్వుకుని, గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఏరడానికి బియ్యంలో రాయేమీ లేదు. నాయనమ్మ నన్ను చూసి, "ఇచ్చావురా?" అంది.

"ఊఁ."

"ఏదీ, నోరు తెరువు. పళ్ళలో అదేంటి?"

తాండ్ర పీచు. పళ్ళ సందున ఇరుక్కుని ఉంది. నాకప్పుడు ఎంత వేగంగా తట్టిందో ఆ మాట ఇప్పటికీ ఆశ్చర్యమే. "మావయ్యే పెట్టాడు. నాకొద్దు, నువ్వు తినెయ్ అన్నాడు."

అమ్మ చేట పక్కన పెట్టింది. నాయనమ్మ దిగ్గున లేచింది. "అదేంటే! నేనెళ్ళి అడిగొస్తానుండు వాణ్ణి."

"వద్దత్తా" అంది అమ్మ. "నోటితో అడగనని ఆయన మర్యాద చూపించాడు. నోటితో కాదనలేక పిల్లాడికి పెట్టేశాడు. ఇప్పుడు మనం వెళ్ళి నిలదీస్తే ఏం బాగుంటుంది?"

పొద్దుగూకే దాకా ఎవరూ రాలేదు. మర్నాడు పొద్దున రోడ్డు మీద బస్సు హారను వినిపించింది. అమ్మ బుట్టలో గడ్డి పరుస్తోంది. చెయ్యి ఆగింది. హారను దూరమయ్యాక మళ్ళీ పరవడం మొదలుపెట్టింది. తోటలో ఆ రోజు నుంచి ఎవరూ అమ్మను అండీ అని వెక్కిరించలేదు. మేస్త్రీ మళ్ళీ ఒసే అన్నాడు. అదే బాగున్నట్టు అందరూ పనిలో పడ్డారు.

నాయనమ్మ నాలుగేళ్ళకు పోయింది. నేను చదువు అబ్బక, పెద్దయ్యాక బస్సు కండక్టరునయ్యాను. ఆనకట్ట దాకా వెళ్ళి ఆయన్ను వెతికి పట్టుకున్నాననీ, ఇద్దరం కౌగిలించుకుని ఏడ్చామనీ మా పిల్లలకు చెప్పాను. వెళ్ళిన మాట నిజం. దిగి, టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. కాలు ఈడ్చే వాచ్‌మన్ ఒకాయన ఉండాలి ఇక్కడ అని అడగడానికి నోరు తెరిచి, "ఇంకో టీ" అన్నాను. మూడు టీలు తాగి వచ్చేశాను.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సెక్కే మగవాళ్ళ ముఖాలు చూసేవాణ్ణి కాదు, కాళ్ళు చూసేవాణ్ణి. కూలి ఆడవాళ్ళు ఎక్కితే "ఎక్కడికండీ? జాగ్రత్తగా ఎక్కండి" అనేవాణ్ణి. కొందరు వెటకారమనుకుని తిట్టారు. ఒక ముసలావిడ మాత్రం వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అంటున్నాననుకుని. ఆ పూట టికెట్లు సరిగా కొట్టలేకపోయాను.

అమ్మ నా దగ్గరే ఉండి, నా దగ్గరే పోయింది. చివరి రోజుల్లో ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. నా తప్పంతా ఒప్పుకుని భోరుమన్నాను. అమ్మ నా తల ఒళ్ళోకి తీసుకుని, "పిచ్చివాడా, చిన్నపిల్లాడివిరా అప్పుడు" అని…

లేదు. అమ్మ మీద కూడా కోతేనా. చెప్పలేదు. చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో, అన్నిసార్లూ నా మనసులో అమ్మ ఇట్లాగే క్షమించేది. అంత తేలిగ్గా క్షమిస్తుంటే ఇంక చెప్పే పనేముందని ఊరుకునేవాణ్ణి.

జరిగింది ఇది. ఆ వేసవే ఆమెకు ఆఖరుది. పళ్ళు లేవు. ఒక మధ్యాహ్నం చిన్నరసం పిండి గ్లాసులో పోసి ఇస్తున్నాను. రెండు గుక్కలు తాగి, గ్లాసు పక్కన పెట్టి, నిన్నటి సంగతేదో అడిగినట్టు అడిగింది.

"ఆ రోజు డబ్బా తీసుకుని ఏమన్నాడురా?"

ఏ రోజు అని నేను అడగలేదు. "ఠీక్ హై అన్నాడమ్మా."

"అంటే?"

"సరే అని."

అమ్మ ఆ మాట పెదాల మీద ఒకసారి తిప్పుకుంది. సరే. కిటికీ వైపు తిరిగింది. "సరే అన్నవాడు తాండ్ర నీకెందుకు పెట్టాడురా?"

అంతకంటే తిన్నగా తలుపు ఎవరూ తెరవరు. నేను దాటి రావడమే మిగిలింది. నాకప్పుడు యాభై దాటాయి. చేతులకు మామిడి రసం కారుతోంది.

"నాకేం తెలుసమ్మా" అన్నాను.

అమ్మ నన్ను చూసింది. కోపంగా కాదు. తాండ్ర ఎండిందో లేదో వేలితో నొక్కి చూసేటప్పుడు ఎలా చూసేదో అలా చూసింది. తర్వాత గ్లాసు అందుకుంది.

"పోన్లే. నడిమి ముక్క ఎప్పుడూ నీదేగా" అంది.

ఈ చివరి మాటలో కోత లేదు. ఉంటే బాగుండేది.